కుంటలో పోసిన పాలు

మొన్న సన్నీవేల్‌లో మా తమ్ముడి కొడుకు ఇల్లు కొనుక్కుంటే గృహప్రవేశానికి వెళ్ళాను. వ్రతం అయిపోయి, అందరూ పేపర్ ప్లేట్లలో పులిహోర పెట్టుకుని తింటుంటే, వాడు నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయాడు. "అత్తా, నీకు పాండ్ అంటే ఇష్టం అని డాడ్ చెప్పాడు. చూడు!" అన్నాడు. నల్లటి రబ్బరు షీటు పరిచి, చుట్టూ ఒకే కొలతలో రాళ్ళు పేర్చిన చిన్న కొలను అది. మధ్యలో మోటారు నీళ్ళను పైకి చిమ్ముతోంది, అడుగున నీలం దీపాలున్నాయి. నీళ్ళు గ్లాసులో పోసి తాగొచ్చన్నట్టున్నాయి. "ఇందులో ఏముంటాయిరా?" అని అడిగాను. "ఏమీ ఉండవు అత్తా, అదే కదా పాయింట్! ఆల్గే రాదు, మస్కిటోస్ రావు. ఫిల్టర్ క్లీన్ చేయడానికి ఒకతను వస్తాడు. మనం ఏం చేయక్కర్లేదు" అన్నాడు. వాడి ముఖంలో సంతోషం చూసి "బాగుందిరా" అన్నాను. నిజంగా బాగానే ఉంది. అయినా పులిహోర ప్లేటు పక్కన పెట్టేశాను. అక్కడికి కార్లో పది నిమిషాల దూరంలో, శాంటా క్లారాలో, ఒకప్పుడు మేము అద్దెకున్న ఇంటి పెరట్లో ఒక కుంట ఉండేది. ఇన్నేళ్ళుగా ఏవేవో రాశాను గానీ దాని గురించి మాత్రం రాయలేదు. మరిచిపోయి కాదు, అందులో నా తప్పుంది కాబట్టి.

ఆ రోజుల్లో శాంటా క్లారా ఇంకా సగం ఊరు, సగం తోటగా ఉండేది. నాన్న పనిచేసే కంప్యూటర్ చిప్‌ల కంపెనీ అద్దాల గోడ పక్కనే ఆప్రికాట్ చెట్లు వరసగా నిలబడి ఉండేవి. వాటిని కొట్టేసి ఇంకో అద్దాల గోడ కడతారని అందరికీ తెలుసు, చెట్లకు తప్ప. మేము ఇండియా నుంచి వచ్చేటప్పటికి నాకు ఏడేళ్ళు, తమ్ముడికి మూడు. రెండేళ్ళు అపార్ట్‌మెంట్లో ఉన్నాక ఈ ఇంటికి మారాం. ముందు భాగంలో ఇంటావిడ, వెనక రెండు గదుల్లో మేము, రెంటికీ మధ్య పెరడు, ఆ పెరట్లో కుంట. ఇంటావిడ పేరు మిసెస్ నెల్సన్. అమ్మ మొదటి వారంలోనే ఆవిడను నెల్సనమ్మగారిని చేసేసింది. ఆవిడ భర్త బతికున్నప్పుడు ఆ స్థలమంతా వాళ్ళ తోటేనట, తోటకు నీళ్ళు నిలవ చేసుకోవడానికి ఆయన తవ్విన గుంటే ఈ కుంట. తోట అమ్ముడుపోయింది, ఆయన పోయారు, గుంట మిగిలింది. ఆవిడ ముప్ఫయ్యేళ్ళు పళ్ళూ టమాటాలూ డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైంది. ఎండాకాలం చివర్లో ఆ వైపు నుంచి గాలి వీస్తే ఊరంతా టమాటాలు ఉడుకుతున్న వాసన వచ్చేది. అదే సమయానికి మా వంటింట్లో పులుసు మరుగుతుంటే ఏ వాసన ఎవరిదో తెలిసేది కాదు. అమ్మ గుండెల నిండా పీల్చుకుని, "ఊళ్ళో అందరూ ఒకే కూర వండుతున్నట్టుంది" అనేది.

కుంట మరీ పెద్దదేం కాదు, నాలుగు నులకమంచాలు వేస్తే నిండిపోతుంది. కానీ నెల్సనమ్మగారు దాన్ని సాకే పద్ధతి వింతగా ఉండేది. ఎక్కువ భాగం ఏమీ చేయకపోవడమే ఆ పద్ధతి. మోటారు లేదు, మందు లేదు. వాన నీళ్ళే ఆధారం. ఎండలకు మట్టం తగ్గితే గొట్టం నీళ్ళను నేరుగా పోయకుండా పీపాలో పట్టి రెండు రోజులు ఎండలో ఉంచి, క్లోరిన్ వాసన పోయాక మగ్గుతో నెమ్మదిగా వంపేది. ఆకురాలు కాలంలో తుంగను ఒక పక్క మాత్రమే కోసేది, రెండో పక్కను మరుసటి ఏడాదికి వదిలేసేది. కోసిన తుంగను వెంటనే పారేయకుండా ఒక రోజంతా గట్టుమీదే పడేసి ఉంచేది. "అందులో ఎవరెవరు కాపురం ఉన్నారో మనకు తెలియదుగా. సామాన్లు సర్దుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగడానికి టైమివ్వాలి" అనేది. నిజంగానే సాయంత్రానికి ఆ పోగులోంచి నత్తలు, నల్లటి పురుగులు, పేరు తెలియని, బోలెడు కాళ్ళున్న జీవాలు ఒక్కొక్కటే గట్టు దిగి వెళ్ళిపోయేవి.

స్కూలు నుంచి రాగానే బ్యాగు పడేసి గట్టుమీద బోర్లా పడుకునేదాన్ని. గడ్డం కింద చేతులు, ముక్కుకు జానెడు దూరంలో నీళ్ళు. మొదట ఏమీ కనబడేది కాదు, ఆకాశమే కనబడేది. కాసేపటికి కళ్ళు ఆకాశాన్ని దాటి కిందకు దిగేవి. అక్కడ మరో లోకం తన పనిలో తానుండేది. వెన్నుమీద ముళ్ళున్న వేలెడు చేపలు నాచు ముక్కలు మోసుకెళ్ళి గూడు కట్టేవి. నీళ్ళమీద కాళ్ళు చాపి నడిచే పురుగుల నీడలు అడుగున గుండ్రటి చుక్కలై కదిలేవి. తూనీగ పిల్ల ఒకటి తుంగ కాడ పట్టుకుని పైకి పాకి, వీపు పగిలి, ముడతలు పడ్డ రెక్కలతో బయటికొచ్చి, ఆ రెక్కలు ఆరేదాకా గంటసేపు అలాగే వేలాడింది. దాంతోపాటు నేనూ కదలకుండా ఉండిపోయాను. తోక ఎగరేసే నల్లపిట్ట కంచె మీద నుంచి దూకి, గాల్లోనే ఈగను పట్టుకుని, మళ్ళీ అదే చోట వాలేది. నెల్సనమ్మగారు మడత కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని, ఒక్కోసారి కునుకు తీసేది. మాట్లాడేది కాదు. నేనూ మాట్లాడేదాన్ని కాదు. స్కూల్లో నా తెలుగు ఇంగ్లీషును పిల్లలు వెక్కిరించేవాళ్ళు, ఇంట్లో నా ఇంగ్లీషు తెలుగును నాన్న దిద్దేవాడు. ఏ భాషా అక్కర్లేని చోటు నాకు అదొక్కటే. ఆ చోటు ఎప్పటికీ నాదేనని అనుకునేదాన్ని.

ఆ ఏడాది పళ్ళను పాడుచేసే ఈగ ఒకటి మా ఊరున్న లోయలోకి వచ్చిందని హెలికాప్టర్లతో మందు చల్లడం మొదలుపెట్టారు. ఏ వీధి మీద ఎప్పుడు చల్లేదీ ముందుగా కాగితం పంచేవాళ్ళు. జనం కార్లకు దుప్పట్లు కప్పుకునేవాళ్ళు, నెల్సనమ్మగారు కుంటకు కప్పేది. ఆవిడ దగ్గరున్న టార్పాలిన్ సరిపోకపోతే అమ్మ తన పాత నైలాన్ చీరలు రెండు తెచ్చింది. పొద్దువాలే వేళ మేము ముగ్గురు ఆడవాళ్ళం, అందులో నేను చిన్నదాన్ని, తలో మూలా పట్టుకుని కుంటకు చీర కట్టిన దృశ్యం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. అమ్మకు ఇంగ్లీషు చదవడం వచ్చుగానీ మాట్లాడాలంటే సిగ్గు, ఎవరైనా గబగబా మాట్లాడితే అర్థమయ్యేది కాదు. డాక్టరు దగ్గరైనా, దుకాణంలోనైనా, నెల్సనమ్మగారితోనైనా అమ్మ నోరు నేనే. "దీనికి నోరిచ్చి నేను మూగదాన్నయ్యాను" అని నవ్వేది.

అప్పట్లోనే నా ఎడమ చెవి కారడం మొదలైంది. మందులు వాడితే తగ్గడం, మళ్ళీ రావడం. నెలాఖరులోగా తగ్గకపోతే చెవి పొరకు చిన్న కోత పెట్టి గొట్టం అమరుస్తామని డాక్టరు చెప్పాడు. ఆ మాట అమ్మకు చేరవేసింది కూడా నేనే. అమ్మ చెల్లెలికి చిన్నప్పుడు ఇలాగే చెవి కారి కారి వినికిడి పోయింది. "కోతా? చెవికా?" అని అమ్మ అలాగే కూలబడిపోయింది. ఆ రాత్రి నుంచీ నా కుడి పక్కన కాక ఎడమ పక్కన పడుకుని, నెమ్మదిగా పిలిచి, పలుకుతానో లేదో చూసుకునేది. చెవి బాధలకు మావాళ్ళ మొక్కు నాగేంద్రుడికి. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి, ఆ పుట్టమన్ను చెవులకు రాసుకుంటే చల్లగా చూస్తాడంటారు. శాంటా క్లారాలో పుట్ట ఎక్కడిది? కానీ కుంట గట్టున రాళ్ళ సందులో ఒక పాము ఉండేది. నల్లటి ఒంటి మీద పొడుగునా పసుపు చారలు, ఎవరినీ ఏమీ అనేది కాదు. మధ్యాహ్నం ఎండ కాచుకుని, నన్ను చూస్తే చూసీచూడనట్టు కన్నంలోకి జారుకునేది. అమ్మ దాన్ని వంటింటి కిటికీలోంచి చూసి చెంపలు వేసుకునేది. "పుట్ట లేదని ఏడుస్తుంటే స్వామే వెతుక్కుంటూ వచ్చాడు చూడు" అంది.

నాగులచవితి వారంలోనే నెల్సనమ్మగారు ఫ్రెస్నోలో చెల్లెలింటికి వెళ్ళింది. వెళ్ళేముందు నన్ను గట్టుమీద నిలబెట్టి, "ఈ వారం కుంట నీది. చూస్తూ ఉండు. అందులో ఏమీ వెయ్యొద్దు, అందులోంచి ఏమీ తియ్యొద్దు. అంతే" అంది. ఆ రోజు నేను నేలమీద నడిచానా? ఆ మాట అమ్మకు చెప్పాల్సింది. చెప్పలేదు. చవితి పొద్దున అమ్మ తలంటు పోసుకుని, చలిమిడి, చిమ్మిలి పళ్ళెంలో పెట్టుకుని, మూత తియ్యని నాలుగు లీటర్ల గ్యాలన్ పాలడబ్బా చంకనెత్తుకుని, "స్వామి ఏ కన్నంలో ఉంటాడే?" అని అడిగింది. నాకు నెల్సనమ్మగారి మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, పాలు మంచివే కదా, పాలు తాగితే బలం కదా అనుకున్నాను. అంతకంటే నిజం చెప్పాలంటే, నా చెవి నాకు భయంగా ఉంది. రాళ్ళ సందులోకి వేలు చూపించాను. అమ్మ రాగి గ్లాసుతో మూడుసార్లు పోసింది, కళ్ళు మూసుకుని ఏవో మాటలు గొణిగింది, తడి మట్టి తీసి నా చెవి తమ్మెకు రాసింది. ఇంకా డబ్బా నిండా పాలున్నాయి. "దేవుడి పేరు చెప్పి తెచ్చినవి మళ్ళీ ఫ్రిజ్‌లో ఎలా పెడతానే?" అని మొత్తం వంచేసింది. కన్నం లోపలినుంచి నేరుగా కుంటలోకే దారి. తుంగ మొదట్లో తెల్లటి పొగలా పాలు లేచి, మెల్లగా పరుచుకున్నాయి. ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఇద్దరం దణ్ణం పెట్టుకున్నాం.

మర్నాటికి కుంట బియ్యం కడిగిన నీళ్ళయింది. ఆ మర్నాడు వాసన మొదలైంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గాలి తాగుతున్నాయి. పీపాలో ఉన్న నీళ్ళన్నీ మగ్గుతో పోశాను, పీపా అడుగు కనబడేదాకా పోశాను. మూడోనాటికి చేపలు తెల్లటి పొట్టలతో తేలాయి. తూనీగ పిల్లలు రెక్కలు రాకుండానే తుంగ కాడలమీదకు పాకి అక్కడే ఎండిపోయాయి. పాము మళ్ళీ కనబడలేదు.

ఆదివారం సాయంత్రం నెల్సనమ్మగారు వచ్చింది. చేతిలో సంచీ దించకుండానే గట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "హెలికాప్టర్ వచ్చిందా?" అని అడిగింది. ఆ వారం మా వీధి మీదకు హెలికాప్టర్ రాలేదు. "వచ్చింది" అన్నాను. ఆవిడ సంచీ కింద పెట్టి నన్ను దగ్గరకు తీసుకుని, "పోనీలే. నువ్వొక్కదానివి ఎలా కప్పుతావు?" అంది. ఆ ఓదార్పు ఎంత బరువుగా ఉందో ఇప్పటికీ గుర్తే. గురువారం స్కూలు హాల్లో మందు చల్లడం గురించి మీటింగ్ ఉందనీ, తాను వెళ్ళి నిలదీస్తాననీ, చచ్చిన చేపలను సీసాలో పెట్టి అందరికీ చూపిస్తాననీ చెప్పింది. ఆ రాత్రే టైప్‌రైటర్ చప్పుడు మొదలైంది.

మా ఇంట్లో నాన్న పాల సంగతీ, మీటింగ్ సంగతీ నా నోట విని తల పట్టుకున్నాడు. "ఏ రోజు ఏ వీధి మీద చల్లారో వాళ్ళ దగ్గర రికార్డ్ ఉంటుంది. మీ వీధికి రాలేదు కదమ్మా అంటారు" అన్నాడు. "అంటే?" అంది అమ్మ. "అంటే ఏముంది, అందరూ నవ్వుతారు. అయినా మనమెందుకు కల్పించుకోవడం? అద్దెకున్నవాళ్ళం. ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఈ చెవితో ఈ పిల్లను ఎక్కడికి తీసుకెళ్తాం?" అమ్మ గిన్నెలు కడుగుతున్నది కడుగుతున్నట్టే ఆగింది. "విరిగిన పాల వాసన నాకు తెలియదా అండీ? ఆ పెద్దావిడ నలుగురిలో నవ్వులపాలైతే, నేను ఏ ముఖం పెట్టుకుని దేవుడి ముందు దీపం పెట్టను?" అంది.

బుధవారం సాయంత్రం అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని నెల్సనమ్మగారి వంటింట్లోకి వెళ్ళింది. బల్లమీద చేపల సీసా, టైప్ చేసిన కాగితాలు ఉన్నాయి. అమ్మ కూర్చోలేదు. "చెప్పవే. నా పిల్ల చెవి కోసం పాముకి పాలు పోశానని చెప్పు. అవి మీ చేపల ప్రాణం తీస్తాయని తెలియదని చెప్పు. హెలికాప్టర్ ఏమీ రాలేదు, తప్పంతా నాదేనని చెప్పు. ఏమన్నా పడతానని చెప్పు" అంది. నేను నెల్సనమ్మగారి వైపు తిరిగాను. చెబితే పాలే కాదు, నా అబద్ధమూ బయటపడుతుంది. గట్టుమీద నా చోటు పోతుంది. "అమ్మ మీ చేపల గురించి చాలా బాధపడుతోంది. వాటి కోసం దేవుడికి దణ్ణం పెట్టుకుందట" అన్నాను. నెల్సనమ్మగారి కళ్ళు చెమ్మగిల్లాయి. లేచి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. మేము బయల్దేరేటప్పుడు తాను చేసిన ఆప్రికాట్ జామ్ సీసా అమ్మ చేతిలో పెట్టింది.

మెట్లు దిగాక అమ్మ ఆగిపోయింది. జామ్ సీసా వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇంత మాట చెబితే ఒక్క ముక్క కోప్పడలేదేమే?" అంది. "ఏం చెప్పావు ఆవిడకి?" నేను ఏడుపు మొదలుపెట్టాను. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. నన్ను అక్కడే వదిలేసి, మా చెత్తబుట్టలోంచి ఖాళీ పాలడబ్బా తీసుకుని, జామ్ సీసా రెండో చేత్తో పట్టుకుని ఒక్కతే వెనక్కి వెళ్ళింది. నేను కిటికీలోంచి చూశాను. నెల్సనమ్మగారిని గట్టు దగ్గరికి పిలుచుకొచ్చింది. డబ్బాను కుంటవైపు వంచి చూపించింది. రాళ్ళ సందు చూపించింది, తన గుండెమీద చెయ్యి పెట్టుకుంది, చెవి పట్టుకుంది, మా గుమ్మం వైపు చెయ్యి చాపింది. ఆకాశం వైపు వేలెత్తి, కాదు కాదు అని తల అడ్డంగా ఊపింది. "నో హెలికాప్టర్. మిల్క్. మీ. మై మిస్టేక్" అంది. సిగ్గుతో ఒక్క మాట మాట్లాడని మా అమ్మ, పెరడంతా వినబడేలా అంది. తర్వాత జామ్ సీసా తిరిగి ఇచ్చేసింది.

నెల్సనమ్మగారు గట్టుమీద కూలబడింది. కాసేపటికి నన్ను పిలిచింది. వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ కేకలేయలేదు. "మీ అమ్మకు తెలియదు. నీకు తెలుసు. నేను నిన్ను అడిగాను కూడా" అంది. "కొన్నాళ్ళు ఇటు రాకు" అంది. అంతే. గురువారం మీటింగ్‌కు వెళ్ళలేదు. కాగితాలు చించి పొయ్యిలో వేసింది.

మర్నాటి నుంచి ఆ ఇద్దరూ బకెట్లతో కుంటలో సగం నీళ్ళు తోడి చెట్లకు పోయడం నేను కిటికీలోంచి చూశాను. మధ్యలో నేను లేను. అమ్మ "బకెట్" అంటే ఆవిడ "బకెట్" అనేది, అమ్మ "బరువు" అంటే ఆవిడ నడుం పట్టుకుని "బరూ" అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. తోడటం అయ్యాక నెల్సనమ్మగారు ఇంకేమీ చేయలేదు. కొత్త చేపలు తేలేదు, మందు వేయలేదు. వానల కోసం ఊరికే ఎదురు చూసింది. నాకు ఆపరేషన్ అయింది, భయపడినంత ఏమీ లేదు, చెవి బాగైంది. అమ్మను ఎవరైనా అడిగితే, "నా పిల్ల చెవి బాగైంది, ఆవిడ కుంట పోయింది. నేను చేసింది పుణ్యమో పాపమో నాకే తెలియదు" అనేది. చివరిదాకా అదే అంది. చెవి బాగుచేసింది డాక్టరని అనలేదు, దేవుడనీ అనలేదు.

వానలు బాగా పడ్డాయి. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఒకే ఒక్క కప్ప అరిచింది. కాసేపటికి ఇంకోటి. వారం తిరిగేసరికి వాటి అరుపులకు ఇంట్లో రేడియో వినబడలేదు. బొటనవేలంత కప్పలు, ఎక్కడినుంచి వచ్చాయో, ఎవరు పిలిచారో! తర్వాత తూనీగలు వచ్చాయి. చేపలు మాత్రం మళ్ళీ రాలేదు, పాము కూడా. నేను రెండు చెవులా వింటూ గుమ్మంలో కూర్చునేదాన్ని. ఎండాకాలంలో నెల్సనమ్మగారు ఒకరోజు నా పక్కనుంచి వెళ్తూ, "రావచ్చు" అంది. వెళ్ళాను. కుర్చీ పక్కనే బోర్లా పడుకున్నాను. కానీ మునుపటిలా ఆవిడ కళ్ళు మూసుకుని కునుకు తీయలేదు, నన్నూ చూస్తూనే ఉంది. మేము ఆ ఇల్లు వదిలాక అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. మొన్న ఆ వీధిలో కారు ఆపి చూస్తే కుంట ఉన్నచోట కార్లు నిలబెట్టే గళ్ళు గీసి ఉన్నాయి. ఇప్పటి పెరళ్ళలో మనకు నచ్చనిది ఏదీ రాకుండా చూసుకోవడం తెలిసింది. ఏదైనా వస్తుందేమోనని ఖాళీగా ఎదురు చూడటం మాత్రం మరిచిపోయాం. నన్ను కలుపుకునే ఈ మాట అంటున్నాను.

మేము ఇంకా ఆ ఇంట్లో ఉండగానే మళ్ళీ ఆకురాలు కాలం వచ్చింది. నెల్సనమ్మగారు చెల్లెలింటికి బయల్దేరింది. నేను జడ వేసుకుని, బుద్ధిగా చేతులు కట్టుకుని, గట్టుమీద ముందుగానే వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ నన్ను దాటి మా గుమ్మం దాకా నడిచి, అమ్మను బయటికి పిలిచింది. "ఈ వారం కుంట మీది" అంది. ఆ మాట అమ్మకు తిప్పి చెప్పాల్సిన అవసరం రాలేదు. అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని, "ఓకే. నథింగ్ ఇన్, నథింగ్ అవుట్" అంది. ఆవిడ కారు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. తర్వాత అమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నేను కూర్చోవచ్చా?" అని అడిగాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "కూర్చో. చూసింది చూసినట్టు వచ్చి చెప్పు" అంది. ఆ సాయంత్రం చీకటి పడేదాకా కూర్చున్నాను. ఎంత చూసినా ఒక్క కప్ప కూడా కనబడలేదు. లోపలికి వచ్చి అమ్మకు అదే చెప్పాను.